కొబ్బరి మాను, దవడ పన్ను

నా పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం నేను పుట్టింది జూన్ 1న. మా అమ్మ లెక్కలో మాత్రం 1986 ఆగస్టు, గోదావరి వరద ఊళ్ల మీద పడ్డ వారం. బడిలో చేర్చేటప్పుడు అయిదేళ్లు నిండాయనిపించడానికి మేష్టారు రెండు నెలలు వెనక్కి జరిపారు. మా ఈడువాళ్లలో చాలామంది జూన్‌లోనే పుట్టారంటే మా వైపు ఎవరూ ఆశ్చర్యపోరు. అందుకే వయసు తేల్చడానికి కాగితం కన్నా పన్ను నయమనే మాట నాకు ఇష్టం. కాకపోతే పన్నును ఎలా చూడాలన్నదే చిక్కు.

మొన్న సంక్రాంతికి అమలాపురం దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో ఇదే గొడవ. ఆవిడ మనవళ్లిద్దరికీ 13 ఏళ్లు, నెల రోజులే తేడా. ఒకడు నూనూగు మీసంతో తాడిలా ఎదిగాడు, రెండోవాడు అయిదో తరగతి పిల్లాడిలా ఉన్నాడు. బాబాయ్ ఇద్దరి చేతా నోరు తెరిపించి ఫోన్ లైటు వేశాడు. పొడుగోడికి వెనక రెండో దవడ పన్ను పూర్తిగా పైకొచ్చేసింది. బక్కోడికి అక్కడ చిగురు ఉబ్బి, మధ్యలో బియ్యపు గింజంత తెలుపు కనిపిస్తోంది.

"వీడికి పన్నెండు కూడా ఉండవు వదినా" అని తీర్పిచ్చాడు బాబాయ్.

"ఇద్దరి బారసాలకీ వచ్చి తిన్నావు కదయ్యా, మళ్లీ ఈ లెక్కలేంటి?" అంది పెద్దమ్మ.

బాబాయ్ చూసింది పన్ను మొలవడాన్ని. రెండో దవడ పన్ను మామూలుగా 11 నుంచి 13 ఏళ్ల మధ్య బయటికొస్తుంది, అంటే పిల్లలిద్దరూ లెక్కలోనే ఉన్నారు. పైగా మొలవడానికి చాలా అడ్డంకులు. చాలాకాలం తిండి చాలకపోతే ఆలస్యమవుతుంది. పుచ్చిన పాలపన్నును ముందే పీకిస్తే దాని కింది పన్ను త్వరగానో ఆలస్యంగానో రావచ్చు. దవడలో చోటు లేకపోతే అసలు రాకపోవచ్చు కూడా.

అసలు గడియారం చిగురు కింద ఉంది. ఎక్స్‌రేలో అదే చూస్తారు: పంటి పైభాగం ఎంత గట్టిపడింది, వేరు ఎంత దిగింది, వేరు కొస మూసుకుందా లేదా. రెండో దవడ పన్ను పైభాగం సుమారు 8 ఏళ్లకే తయారైపోతుంది, వేరు కొస మూసుకునేది దాదాపు 14–16 మధ్య. సూడాన్‌లో తిండిలేక చిక్కిపోయిన పిల్లల్నీ, బాగా తిన్న పిల్లల్నీ పోల్చిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. పళ్లు తయారయ్యే వేళల్లో ఆకలి వల్ల తేడా కనిపించలేదు. వయసు కోసం చూసే మణికట్టు ఎముకలు అలా కావు, తిండి చాలకపోతే బాగా వెనకబడతాయి. అటు చివర, ఊబకాయం ఉన్న పిల్లల్లో పళ్లు కొంచెం ముందే ముదురుతున్నట్టు కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి.

దీన్ని మా కొబ్బరి మానుతో పోల్చి చూడొచ్చు. రాలిన ప్రతి మట్టా మాను మీద ఒక గాటు వదులుతుంది. బాగా ఎదిగే చెట్టుకి ఏడాదికి సుమారు 12 మట్టలు. ఎరువూ నీరూ అందని ఏళ్లలో మట్టలు తగ్గి గాట్లు దగ్గరదగ్గరగా పడతాయి, మాను అక్కడ సన్నబడుతుంది. తర్వాత ఎంత ఎరువు వేసినా ఆ సన్నం పూడదు. పంటి పైనుండే ఎనామిల్‌దీ అదే తంతు. దాన్ని కట్టే కణాలు పని ముగించుకుని పోతాయి, లోపం మిగిలిపోతుంది. తేడా ఒక్కటే. ఆకలికి కొబ్బరి లెక్క తప్పుతుంది, పన్ను లెక్క దాదాపు తప్పదు.

అలాగని ఎక్స్‌రే పుట్టినరోజు చెప్పదు. ఎక్కువమంది వాడే డెమిర్జియాన్ పద్ధతి 1973 నాటిది. కెనడాలోని ఫ్రెంచ్ మూలాల పిల్లల్ని చూసి, కింది దవడలో ఎడమవైపు ఏడు పళ్లకి ఎనిమిది దశలు పెట్టారు. మన దేశపు పిల్లల మీద వాడితే చాలాసార్లు అసలు వయసు కన్నా ఎక్కువ చూపించింది. 16 దాటాక మిగిలేది జ్ఞానదంతం ఒక్కటే, దానంత నిలకడలేని పన్ను ఇంకోటి లేదు. చట్టానికి కావాల్సింది మాత్రం కచ్చితంగా ఆ 18 గీతే. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్ గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ అడుగుతుంది, తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అవేవీ లేకపోతేనే వైద్య పరీక్ష. మా మేష్టారి జూన్ 1 మీద చట్టానికి అంత నమ్మకం!

ఇక తిండి. బక్కోడు బాగా ఎదగాలని పెద్దమ్మ రోజూ పాలు తాగిస్తోంది, ముళ్లతో సహా నమిలే మెత్తళ్లు వండుతోంది. ఒంటికి, ఎముకలకి మంచిదే. మొలుస్తున్న ఆ పంటి పైభాగానికి మాత్రం అందదు, అది వాడు అంగన్‌వాడీ, రెండో తరగతుల మధ్య తిన్న తిండితో ఎప్పుడో తయారైపోయింది. వాడి కింది కోరపన్ను మీద అడ్డంగా సన్నటి గాడి ఒకటుంది. లైటు పక్కనుంచి వేస్తేనే కనిపిస్తుంది. అది దాదాపు ఏ వయసులో పడి ఉంటుందో చెప్పాను.

పెద్దమ్మ కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, "నాలుగో ఏడు. టైఫాయిడొచ్చి నెల్లాళ్లు గంజి తప్ప ఏమీ ముట్టలేదు" అంది.