బ్లడ్ క్యాన్సర్ గోలీ: ముసలోళ్లకంటే పడుచోళ్లకే తక్లీఫ్ ఎందుకు?

బ్లడ్ క్యాన్సర్ అనంగనే మన నల్లగొండ, పాలమూరు దిక్కు "అయ్యో, ఇగ ఎన్ని రోజులో" అంటరు. కానీ అందుల సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా) అనే రకం ఒకటుంది, అది ఇప్పుడు బీపీ, షుగర్ లెక్క రోజూ గోలీ ఏస్కుంట ఏండ్లకేండ్లు బతికే బిమారి అయింది. 2001ల అమెరికాల ఇమాటినిబ్ అనే ఆ గోలీకి పర్మిషన్ వచ్చింది, అంతకుముందు చాలామంది ఐదారేండ్లు దాటకపోదురు. ఆ గోలీతో మొదలువెట్టినోళ్లను పెద్ద స్టడీల పదేండ్లకు చూస్తే 83 శాతం మంది బతికే ఉన్నరు.

మరి ఎట్లున్నరు? 2011ల ఇటలీ డాక్టర్లు ఏండ్ల నుంచి ఇమాటినిబ్ మింగుతున్న 448 మందిని అడిగి, మామూలు జనంతోని పోల్చిండ్రు. 60 దాటినోళ్లు అందరి లెక్కనే ఉన్నరు, కష్టమంత అంతకంటే చిన్నోళ్లకే, అందుల ఆడోళ్లకు ఇంకింత ఎక్కువ. అందరు ఎక్కువ చెప్పింది నీరసం గురించే.

నాకైతే ఇది వింతేం అనిపియ్యలే. 65 ఏండ్ల పెద్దాయన అరుగు మీద కూసుంటే పక్కన కూసున్నోళ్లందరికి మోకాళ్ల నొప్పులే, 35 ఏండ్లోడు మాత్రం పొద్దంత పనిచేసే తోటోళ్లతోని పోల్చుకుంటడు కదా. పైగా పశ్చిమ దేశాలల్ల ఇది ఎక్కువగ 60 దాటినంక వచ్చే బిమారి, మన దేశంల 35-40 ఏండ్లకే మస్తుమందికి వస్తది, అంటే ఇల్లు నడిపే వయసుల.

కల్వకుర్తి దిక్కు ఈ గోలీ మింగే ఒక మేస్త్రీ అన్న ఉన్నడు, సద్ది తిన్నంక తాపీ పట్టుకుంటే వేళ్లు వంకర్లు తిరిగి గుంజుకపోతయి, రాత్రి పిక్కలు పట్టేస్తయి, పొద్దుగాల లేస్తే కనురెప్పలు ఉబ్బి ఉంటయి. వాళ్ల మేనమామ "ఏం రా అల్లుడా, రాత్రి గట్టిగనే ఏసినట్టున్నవ్" అంటడు, ఆయనేమో చుక్క ముట్టడు. ఇంకో చుట్టం "రంగు తేలినవ్‌రా" అని మెచ్చుకున్నడంట!

కండ్ల ఉబ్బు, రంగు తేలుడు, రెండూ గోలీ పనే. ఇమాటినిబ్ అడ్డుకునేది బీసీఆర్-ఏబీఎల్ అనే క్యాన్సర్ ప్రోటీన్‌ను, కానీ దాని పోలికలున్న ఇంకో రెండు ప్రోటీన్లను (పీడీజీఎఫ్ఆర్, కిట్) కూడ అడ్డుకుంటది. పీడీజీఎఫ్ఆర్ ఆగితే కండ్ల చుట్టు నీరు నిలుస్తది, కిట్ ఆగితే చర్మంల రంగు తయారీ తగ్గుతది.

ఇవన్ని చిన్నయే కదా, పానం దక్కింది చాలు అంటరు ఇంట్లోళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడ, హైదరాబాద్‌ల పెద్ద దవఖానకు పొద్దుగాల బస్సెక్కి పోతే ఓపీల చూసేది రిపోర్టుల బిమారి నంబర్ దిగిందా లేదా అనే, అలసట గురించి అడిగేటందుకు టైమేది. కానీ ఈ చిన్న తక్లీఫ్‌లకే మనిషి ఇయ్యాల ఒకటి, రేపొకటి గోలీ ఎగ్గొడ్తడు. 2010ల లండన్ డాక్టర్లు గోలీ డబ్బా మూతల చిప్పులు పెట్టి లెక్క తీసిండ్రు, 90 శాతం కంటే ఎక్కువ డోసులు ఏస్కున్నోళ్లల్ల 94 శాతం మందికి బిమారి లోతుగ తగ్గింది, మిగిలినోళ్లల్ల 28 శాతం మందికే. 90 శాతమంటే ఏం లేదు, నెలకు మూడు గోలీలు తప్పితే అంతే!

అందుకే దాచొద్దు, డాక్టర్‌కు చెప్పుండ్రి. తిన్నంక నిండు గ్లాసు నీళ్లతోని ఏస్కుంటే వికారం తగ్గుతది. నీరసానికి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించాలె, రోజూ నడిస్తే కూడ అలసట తగ్గుతది, వింటే ఉల్టా అనిపిస్తది గని నిజం. డోసు తగ్గించుడో, వేరే గోలీకి మార్చుడో డాక్టరే చూస్తడు.

ఏండ్లకొద్ది బిమారి జాడ లేనోళ్లకు డాక్టర్లే గోలీ ఆపి చూస్తరు, దాదాపు సగం మందికి అది మళ్లీ రాదు, వచ్చినోళ్లకు ఎక్కువగ ఆరు నెలల లోపే తెలుస్తది, మళ్లీ మొదలువెడితే దాదాపు అందరికి పనిచేస్తది. ఆపినంక కొందరికి కీళ్లు, కండరాలు గుంజుతయి, బిమారి తిరిగొచ్చిందని బెదురుతరు పాపం, అది మందు మానినందుకు వచ్చే నొప్పే, ఎక్కువమందికి కొన్ని నెలలల్ల అదే తగ్గుతది.