పంటిని చిగురు ఎలా వదిలేస్తుంది?

దంత వైద్యుల దగ్గర ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. కొన మొద్దుగా ఉంటుంది, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. సుమారు 25 గ్రాముల బరువు మోపినంత మెల్లగా దాన్ని పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దించుతారు, ఒక్కో పంటి చుట్టూ ఆరేసి చోట్ల. "రెండు, మూడు, రెండు" అని చెబుతూ పోతే కంగారు లేదు. మధ్యలో "ఆరు" అని వినిపిస్తే, చాలాసార్లు అక్కడ చిగురు పంటిని వదిలేసి కిందికి దిగిపోయిందని అర్థం. అది ఎలా వదిలేస్తుందో తెలిస్తే, బ్రష్ మీద కనిపించే కాస్త రక్తాన్ని మళ్లీ తేలిగ్గా తీసుకోలేం.

గోళ్లు, వెంట్రుకలు చర్మంలోనే పుట్టి పెరుగుతాయి. పన్ను అలా కాదు. వేరు దవడ ఎముకలో ఉంటే తల నోట్లో ఉంటుంది. ఒంటిని కప్పి ఉంచే పొరకి అక్కడ చిల్లు పడినట్టే. నోటి నిండా సూక్ష్మజీవులు. ఆ చిల్లు చుట్టూ అతుకు వేసి కాపలా కాయడం చిగురు పని.

ఆ అతుకు మొత్తం సుమారు 2 మిల్లీమీటర్లు. పై సగంలో ఒక పలచటి కణాల పొర ఎనామిల్‌ని పట్టుకుని ఉంటుంది. ఈ కణాలు నాలుగు నుంచి ఆరు రోజుల్లో రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. అంటే పట్టు వదలకుండానే మనుషులు మారిపోతున్నారన్నమాట! పైగా ఆ కణాల మధ్య ఖాళీలు ఎక్కువ. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ ఆ ఖాళీల్లోంచే నిమిషానికి దాదాపు 30,000 చొప్పున నోట్లోకి వస్తుంటాయి. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నా సరే ఆ కాపలా ఆగదు.

కింది సగంలో అసలు బలం ఉంది. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు వేరు మీది సిమెంటం పొరలోంచి బయల్దేరి చిగురులోకి అల్లుకుంటాయి. ఇంకా కిందికి వెళితే ఇలాంటి పోగులే వేరునీ ఎముకనీ కలుపుతాయి. వాటి కొనలు రెండు వైపులా పాతుకుని ఉంటాయి. 19వ శతాబ్దపు స్కాట్లాండ్ శరీర శాస్త్రవేత్త విలియం షార్పీ పేరు మీద వాటిని షార్పీ పోగులు అంటారు. పన్ను గోడకి కొట్టిన మేకులా ఉండదు, మిల్లీమీటరులో అయిదో వంతు మందం ఉన్న ఈ పోగుల ఉయ్యాలలో వేలాడుతుంది.

ఇప్పుడు చిగురు అంచున పాచి పేరుకుందనుకోండి. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలైపోయాయి. ఈ దశలో వాపు ఉంటుంది, కానీ పంటి మీద అతుకు ఇంకా దాని చోటులోనే ఉంటుంది. వెనక్కి తిరిగి రాగలిగిన మజిలీ ఇదే.

పాచి అలాగే ఉండిపోతే న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా వస్తాయి. బ్యాక్టీరియాని చంపడానికి, దారి చేసుకోవడానికి అవి వదిలే ఎంజైములు కొల్లాజెన్ పోగుల్నీ కోసేస్తాయి. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా కూడా ప్రొటీన్లని కోసే ఎంజైములు తయారుచేస్తుంది. కానీ నష్టంలో ఎక్కువ భాగం మన సొంత రక్షణ వ్యవస్థ చేసేదే. కంచే చేను మేయడం అంటే ఇదే. పోగులు తెగి ఖాళీ అయిన చోటులోకి పై పొర కణాలు వేరు వెంట కిందికి పాకుతాయి. పుండుని మూసేయాలని వాటి తాపత్రయం. ఈలోపు పైనున్న కణాలు పంటి నుంచి ఊడిపోతాయి. అలా ఏర్పడిన లోతు గుంటనే పాకెట్ అంటారు. అక్కడికి బ్రష్ అందదు, ఆక్సిజన్ తక్కువ, అలాంటి చోటే ఈ బ్యాక్టీరియాకి కావాలి. పాకెట్ లోపలి గోడ పుండై ఉంటుంది కాబట్టి కాస్త తగిలితే చాలు, రక్తం వస్తుంది. వాపు నుంచి వచ్చే సంకేతాలకి ఎముకని కరిగించే కణాలు మేల్కొంటాయి. ఎముక కూడా కిందికి తగ్గుతుంది.

ఇదంతా చాప కింద నీరులా సాగుతుంది. పుచ్చు పన్నులా సలుపు ఉండదు. పొగ తాగేవాళ్లలో రక్తం కారడం కూడా తగ్గుతుంది, అందుకే చిగుళ్లు బాగున్నట్టే కనిపిస్తాయి. వాళ్ల విషయంలో నాకు ఎక్కువ భయం వేసేది ఇందుకే. షుగర్ అదుపులో లేకపోతే ఈ జబ్బు ముదురుతుంది, ఈ జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది.

పాచి పట్టిన అందరికీ ఒకేలా జరగదు. శ్రీలంక తేయాకు తోటల్లో పళ్లు శుభ్రం చేసుకునే అలవాటే లేని 480 మంది కార్మికులని 1970 నుంచి 15 ఏళ్లు గమనించారు. 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతానికి ఓ మోస్తరుగా, 11 శాతానికి చిగుళ్ల వాపు దాటలేదు. ఆ 11 శాతంలో మనం ఉన్నామో లేదో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. గార తీశాక సందులు కనిపించడం, పన్ను కాస్త కదిలినట్టు అనిపించడం నిజమే. కానీ పట్టు అంతకుముందే పోయింది. ఆ ఖాళీని గార, వాపు కలిసి కప్పి ఉంచాయి, అంతే. ఈ అపోహ వల్ల వైద్యం వాయిదా వేసుకుని పళ్లు పోగొట్టుకోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

పోయిన అతుకు తిరిగొస్తుందా? శుభ్రం చేసిన వేరు మీదికి ఎవరు ముందు చేరతారన్నదే ప్రశ్న. పై పొర కణాలు అన్నిటికంటే వేగంగా పెరుగుతాయి, ముందు అవే చేరి వేరుని కప్పేస్తాయి. కొత్త పోగులకి చోటు దొరకదు. 1982లో స్వీడన్‌లో స్టూరె నైమన్ బృందం ఒక రోగి పంటి వేరుకీ చిగురుకీ మధ్య పలచటి ఫిల్టర్ పెట్టి ఆ కణాలని అడ్డుకుంది. మూడు నెలల తర్వాత చూస్తే వేరు మీద కొత్త సిమెంటం, అందులో పాతుకున్న పోగులు ఉన్నాయి. ఎముకలో గుంట ఆకారం అనువుగా ఉన్న చోట్ల ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు.

మామూలు స్కేలింగ్ తర్వాత కొన్ని వారాలకి అదే కడ్డీని అదే చోట దించితే, ఆరు చెప్పిన చోట నాలుగో మూడో రావచ్చు. వాపు తీసి చిగురు కుంచించుకుంది, పలచటి కణాల పొర వేరుని మళ్లీ పట్టుకుంది. పోగులు చాలావరకు తిరిగి రాలేదు. అయినా ఆ పొర ఏళ్ల తరబడి నిలబడగలదు, దాని అంచున పాచి పేరుకోనివ్వనంత కాలం.