వాన ఎక్కువైన చోట వడ్లు తక్కువెందుకు?

ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిసే ఒడిశాలో కంటే, అందులో సగం కూడా కురవని పంజాబ్‌లో ఎకరానికి వరి ఎక్కువ పండటమేమిటని ఒక పాఠకుడు అడిగారు. పంజాబ్‌లో హెక్టారుకు బియ్యం లెక్కన సుమారు 4 టన్నులు వస్తుంటే, ఒడిశా చాలా ఏళ్లపాటు అందులో సగం దరిదాపుల్లోనే ఉండిపోయింది. దీన్ని నేల మహిమగానో, రైతు బద్ధకంగానో తేల్చేసేవారి మాట నేను లెక్కచేయను. మద్దతు ధర, ధాన్యం కొనుగోళ్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక, ఇక్కడ నీటి విషయమే చూద్దాం.

1966లో వచ్చిన ఐఆర్ 8 అనే రకంతో వరి పొట్టిదైంది. మొక్కను సాగదీసే జిబ్బరెలిన్ అనే హార్మోను తయారీకి అవసరమైన ఒక జన్యువు అందులో దెబ్బతిని ఉంటుంది. నిలువెత్తు పాత రకాలకు యూరియా వేస్తే వెన్నుల బరువుకు చేను పడిపోయేది. పొట్టి రకం ఆ ఎరువును గింజగా మార్చుకుని నిలబడింది. అయితే ఈ పొట్టితనం, మడిలో నీరు ఎంత ఉండాలో రైతు నిర్ణయించగలిగిన చోటే లాభం. పంజాబ్‌లో సాగుభూమి దాదాపు అంతటికీ నీటి వసతి ఉంది. భూగర్భజలం ఏటేటా అడుగంటుతున్నా, అక్కడి రైతు చేతిలో మోటారు మీట ఉంది. పైగా వాన తక్కువంటే మబ్బూ తక్కువే, ఎండ ఎక్కువ. ముసురులో పెరిగే సార్వా (ఖరీఫ్) కంటే ఎండలో పండే దాళ్వాలో (రబీలో) బస్తాలు ఎక్కువ వస్తాయని గోదావరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒడిశాలోని మహానది పల్లపు పొలాల్లో వరద ముంచెత్తినప్పుడు మాత్రం పొట్టి పైరుకు దిక్కుండదు. “వరి నీటి మొక్క” అని బడిలో చెప్పే పాఠం ఇక్కడ సగమే నిజం: వేళ్లు నీటిలో ఉండగలవు గాని, ఆకులు మునిగితే ఊపిరాడదు. వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి కాబట్టి, మొక్క వదిలే ఎథిలీన్ అనే వాయువు బయటికి పోలేక దానిలోనే పోగవుతుంది. అది జిబ్బరెలిన్‌ను రేపితే, మొక్క నీటిపైకి రావాలని దాచుకున్న పిండిపదార్థాన్నంతా ఖర్చు చేస్తూ సాగుతుంది. వారం పది రోజులకు నీరు తీశాక చూస్తే, పాలిపోయి, సన్నగా సాగిన ఆకులు బురదకు అంటుకుపోయి ఉంటాయి.

దీనికి విరుగుడు ఒడిశాలోనే దొరికింది. అక్కడి నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ మునిగినప్పుడు పెరుగుదల ఆపేసి, పిండిపదార్థాన్ని పొదుపు చేసుకుని, నీరు తీశాక కొత్త ఆకు వేస్తుంది. ఆ గుణాన్నిచ్చే సబ్1ఏ జన్యువును 2006లో గుర్తించారు. పశ్చిమ గోదావరిలోని మారుటేరులో పుట్టి, ఒడిశా, బెంగాల్ పొలాలను ఆక్రమించిన స్వర్ణ రకంలోకి దాన్ని సంకరణంతో తెచ్చి, స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదల చేశారు. ఇది రెండు వారాల వరకు ముంపును ఓర్చుకుంటుంది గాని, పూత దశలో మునిగితే ఏమీ చేయలేదు. మోకాలి పైన నీరు నెలల తరబడి నిలిచే పల్లాల్లోనైతే మళ్లీ పొట్టితనమే అడ్డొస్తుంది. అక్కడ దిగుబడి తక్కువైనా, నీటితోపాటు పెరిగే పొడుగు నాటు రకాలే రైతుకు గింజలిస్తాయి.