కెరటాల కరెంటు: కంట్రోల్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

అలల మీద తేలి ఊగుతూ కరెంటు తీసే బోయాలకు, వాటి కదలికను నడిపే కంట్రోల్ ప్రోగ్రాం రాయడం నా పని. తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: బోయాకు బ్రేక్ వేస్తే శక్తి వృథా.

వాస్తవం: నన్ను అందరికంటే ఎక్కువ అడిగేది ఇదే. చిన్న బోయా సహజంగా 3-4 సెకన్లకోసారి ఊగుతుంది. సముద్రంలో పెద్ద అలలు 8-10 సెకన్లకోసారి వస్తాయి. అందుకే బోయా తొందరపడుతుంది. అల గట్టిగా తోసే వేళకు దాని వేగం అయిపోయి ఉంటుంది. ఊయల మనవైపు వస్తుండగా తోస్తే ఏమవుతుందో తెలుసు కదా! 1970ల చివర్లో నార్వేలో శాస్త్రవేత్తలు బుడాల్, ఫాల్నెస్ చూపిన దారి ఆ తొందరను ఆపడమే. బోయా పైకి చేరి క్షణం నిలిచినప్పుడు బ్రేక్ పట్టాలి. కదలిక లేదు కాబట్టి పోయే శక్తీ లేదు. అలలు పుట్టించి పరీక్షించే ట్యాంకులో చూస్తే నీళ్లు కిందికి జారిపోతాయి, తడిసిన అంచు బయటపడుతుంది, బోయా గాల్లో వేలాడినట్టు ఉంటుంది. వదలగానే దబ్బున దిగుతుంది. ఆ దిగే వేగంలోనే మన కరెంటు ఉంది.

కష్టమల్లా ఎప్పుడు వదలాలన్నదే. అల అడుగుకు చేరడానికి సుమారు ఒక సెకను ముందే వదలాలి, అంటే రాబోయే అలను ముందే అంచనా కట్టాలి. నా మొదటి కోడ్ ఒకే తీరు అలల్లో అద్భుతంగా పనిచేసింది. అలలు కలగాపులగం కాగానే, బ్రేక్ లేనప్పటికంటే తక్కువ ఇచ్చింది.

అపోహ: బోయా వెడల్పెంతో, అంత మేర అలే దొరుకుతుంది.

వాస్తవం: లోతు నీటిలో 8 సెకన్ల అల పొడవు దాదాపు 100 మీటర్లు. నిలువుగా ఊగే గుండ్రటి బోయా సిద్ధాంతరీత్యా ఆ పొడవులో దాదాపు ఆరో వంతు, అంటే 16 మీటర్ల మేర శక్తిని లాగగలదు, తన వెడల్పు 5 మీటర్లే అయినా. అయితే అంత ఎత్తు ఊగే వీలుండదు కనుక మొత్తం అందదు.

అపోహ: జనరేటర్‌ని మోటారులా తిప్పి బోయాను తోస్తే ఎప్పుడూ లాభమే.

వాస్తవం: లెక్క చూడండి. 100 యూనిట్లు సముద్రానికి ఇచ్చి 150 వెనక్కి తీసుకుంటే మిగిలేది 50. యంత్రం సామర్థ్యం రెండు వైపులా 90 శాతమైతే 111 ఖర్చు, 135 రాబడి, మిగిలేది 24. అదే 80 శాతమైతే 125 ఖర్చు, 120 రాబడి. నష్టం!

అపోహ: తుపాను వస్తే పండగే.

వాస్తవం: అప్పుడు కంట్రోల్ పని తలకిందులవుతుంది. బోయా ఊపు అల ఊపుతో కలవకుండా చూసి, యంత్రాన్ని కాపాడుకుంటాం.