తోడి గాంధారం పలికే సింథసైజర్: సాఫ్ట్‌వేర్ వాద్యాల వెనుక చరిత్ర

"ఇరవై వేలు కూడబెట్టాను సార్, ఏ సాఫ్ట్‌వేర్ సింథసైజర్ కొనమంటారు?" కంచరపాలెంలో పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయించే ఒక కుర్రవాడు మొన్న నన్నడిగాడు. గాజువాకలో చర్చి బృందానికి వాయించేవాళ్లూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ల్యాప్‌టాప్ ముందేసుకుని పాటలు కట్టుకునే విద్యార్థులూ ఇంచుమించు ఇదే అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటే కంప్యూటర్‌లో నడుస్తూ, మీట నొక్కితే నాదం పుట్టించే ప్రోగ్రాము. ఒక పేరు చెప్పి పంపించవచ్చు. కానీ ఈ ప్రశ్నలో రెండు చిక్కుముడులున్నాయి. వందల సింథసైజర్లలో తేడా ఎలా తెలుసుకోవాలన్నది మొదటిది. డబ్బు కట్టిన తర్వాత అది నిజంగా మనదవుతుందా అన్నది రెండోది. రెండూ ఇవాళ పుట్టినవి కావు.

నేను హార్మోనియం దగ్గర మొదలుపెడతాను. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. మెట్ల మీద స్వరాలు బిగిసి ఉంటాయి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం కుదరదు, గమకం పలకదు అన్నది పెద్ద ఆక్షేపణ. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఇక్కడ ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం హార్మోనియం లేనిదే పౌరాణిక నాటకంలో పద్యం లేవలేదు. మోసుకుపోవడానికి వీలైనది, నటుడు రాగం తీస్తుంటే శ్రుతి వదలకుండా పట్టుకునేది అదే. ఆ పెట్టె కూర్చున్న చోటనే తర్వాత కాసియోలు, యమహాలు కూర్చున్నాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్ కూర్చుంటోంది. వాద్యాలు మారినా రేడియో వేసిన ప్రశ్న మాత్రం మారలేదు: మీటల మీద గమకం పలుకుతుందా?

దానికి తొలి జవాబు అమెరికా నుంచి వచ్చింది. 1964లో రాబర్ట్ మోగ్ తన మొదటి సింథసైజర్ తయారుచేశాడు. 1970లో వచ్చిన మినీమోగ్‌కు ఎడమ పక్కన ఒక చిన్న చక్రం ఉండేది. కుడిచేత్తో మీట నొక్కి, ఎడమచేత్తో చక్రం తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. హార్మోనియానికి ఏది లేదని నిందించారో అది ఈ వాద్యానికి చక్రం రూపంలో దొరికింది. మినీమోగ్ ఒకసారికి ఒకే స్వరం పలికేది. నిండైన తరంగాన్ని పుట్టించి, ఫిల్టరుతో అక్కర్లేని పై పొరలు కోసివేయడం దాని పద్ధతి. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 ఐదు స్వరాలు కలిపి పలికింది, కట్టుకున్న టోన్లను (నాదాల అమరికలను) గుర్తుపెట్టుకుంది.

మిగిలిన పద్ధతులు 1988 నాటికి వచ్చేశాయి. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఒక విషయం గమనించాడు. స్వరాన్ని మెల్లగా ఊపితే కంపితంలా వినిపిస్తుంది, అదే ఊపు వేగం బాగా పెంచితే ఆ స్వరం గొంతే మారిపోయి కొత్త నాదం పుడుతుంది. దీన్ని ఎఫ్ఎం పద్ధతి అన్నారు. యమహా ఆ హక్కులు తీసుకుని 1983లో డీఎక్స్7 తెచ్చింది. గంటలు, లోహపు మోతలు, గాజు మీద కొట్టినట్టుండే పియానో దాని సొత్తు. చిన్న చిన్న తరంగాలను వరసగా పేర్చి, ఒకదాని నుంచి మరోదానికి జారే వేవ్‌టేబుల్ పద్ధతిని జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పామ్ తీర్చిదిద్దాడు. 1988లో కోర్గ్ ఎం1 నిజమైన వాద్యాల రికార్డింగు ముక్కలనే మీటల కింద పెట్టింది. కోసివేత, ఎఫ్ఎం, వేవ్‌టేబుల్, శాంపిల్: ఇవాళ అంగట్లో ఏ సింథసైజర్ తెరిచి చూసినా, దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలో ఒకటో రెండో కలగలిసి కనిపిస్తాయి. అది తెలిస్తే వందల పేర్లు నాలుగు గూళ్లలోకి సర్దుకుంటాయి.

1983లోనే మరో మేలు జరిగింది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు మిడి అనే ఉమ్మడి భాష కుదిరింది. ప్రాఫెట్ చేసిన డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహషి దానికి ముఖ్యులు. 2013లో ఇద్దరికీ సాంకేతిక విభాగంలో గ్రామీ ఇచ్చారు. ఆ డేవ్ స్మితే 1997లో రియాలిటీ పేరుతో, ఉత్త కంప్యూటర్ మీద పలికే తొలి వృత్తి స్థాయి సింథసైజర్లలో ఒకటి తెచ్చాడు. అంతకు ముందు ఏడాది స్టయిన్‌బెర్గ్ కంపెనీ వీఎస్‌టీ పద్ధతి ప్రకటించింది. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు అనే చిన్న ప్రోగ్రాములను తగిలించుకునే పద్ధతి అది. 1999లో దాని రెండో కూర్పుతో ప్లగిన్లు వాద్యాలుగా కూడా పలకడం మొదలైంది. అక్కడి నుంచి వరద. పాత ప్రాఫెట్‌ను నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీ తెరమీద మళ్లీ కట్టింది. ఫ్రాన్స్‌లో ఆర్టూరియా కంపెనీ మోగ్ చేసిన మాడ్యులర్ సింథసైజర్‌ను అలాగే కట్టింది. జపాన్ నుంచి ఇచిరో టోడా సింత్1ను ఉచితంగా ఇచ్చాడు. విశాఖలో నాకు తెలిసిన చాలామందికి తొలి సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అదే. ఆ టోన్లతో పాటలు చేసి బతికారు.

మన ఊరికి సాఫ్ట్‌వేర్ ఒక మేలు ప్రత్యేకంగా చేసింది. సముద్రపు గాలికి ఇక్కడ కీబోర్డులు త్వరగా పాడవుతాయి. మీటల కింద కాంటాక్టులు చెడి, కొన్ని స్వరాలు పలకవు, కొన్ని గట్టిగా అరుస్తాయి. ప్లగిన్‌కు తుప్పు పట్టదు.

పట్టదనే నేనూ అనుకున్నాను. పదిహేనేళ్ల కిందట ఒక వయొలిన్ బృందపు ప్లగిన్‌ను, నా నెల సంపాదనలో మూడోవంతు పెట్టి కొన్నాను. అది 32 బిట్ ప్లగిన్, అంటే పాత తరం కంప్యూటర్లకు రాసినది. కంప్యూటర్లు 64 బిట్‌కు మారాయి. చేసినవాళ్లు దాన్ని మార్చి ఇవ్వలేదు, తర్వాత వాళ్ల జాడే లేదు. ఆ టోన్‌తో కట్టిన పాటల ఫైళ్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, తెరిస్తే ఆ చోట నిశ్శబ్దం. ఇది నా ఒక్కడి కథ కాదు. 2019లో ఆపిల్ తన కంప్యూటర్లలో 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. అంతకు ముందు 2015లో ఆల్కెమీ అనే గొప్ప సింథసైజర్ చేసిన క్యామెల్ ఆడియో మూతపడింది. ఆల్కెమీ ఆపిల్ వారి లాజిక్ అనే పాటలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కనిపించింది. లాజిక్ విండోస్ మీద నడవదు కనుక, విండోస్ వాడేవాళ్లకు ఆ కొత్త కూర్పు అందలేదు.

అంటే మనం కొనేది వాద్యం కాదు, వాడుకునే అనుమతి. వీణ కొంటే అది మనవలకు ముడుతుంది. లైసెన్సు అలా ముడుతుందన్న హామీ లేదు. 2016లో స్ప్లైస్ సంస్థ సీరమ్ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను నెలవారీ వాయిదాలకిచ్చి, వాయిదాలు తీరాక పూర్తిగా మనకే వదిలే పద్ధతి పెట్టింది. అప్పట్లో ఒకేసారి 189 డాలర్లు పెట్టలేని కుర్రాళ్లకు అది నిజంగా ఉపకారమే. కానీ వాయిదాలు ఎప్పటికీ తీరని చందా వేరు. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ తన ప్లగిన్లు ఇకపై చందాకే తప్ప అమ్మకానికి లేవని ప్రకటించింది. సంగీతకారులు భగ్గుమన్నారు. రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. చందా విషయంలో నాకు ఇంకో భయం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. జనరేటరు పెట్టుకుని వాయించాల్సిన రోజుల్లో, నెట్ చూసుకుంటే తప్ప తెరుచుకోని వాద్యాన్ని నమ్ముకుని వేదిక ఎక్కడం నా వల్ల కాదు.

ఇక పోలిక. ఏ సింథసైజర్ గొప్పదన్న వాదనల్లో ఎక్కువ భాగం ఫిల్టరు చిక్కదనం గురించి, ప్రీసెట్ల (ముందే కట్టి ఇచ్చే టోన్ల) సంఖ్య గురించి నడుస్తుంది. మన సంగీతానికి అసలు పరీక్ష వేరే ఉంది. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది నిలబడే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. వీణ మీద తీగ లాగినట్టు శుద్ధ రిషభం మీట నొక్కి మధ్యమం దాకా జార్చాలంటే నాలుగు అర్ధస్వరాల పరిధి కావాలి (పక్కపక్క మీటల మధ్య దూరం ఒక అర్ధస్వరం). చాలా సింథసైజర్లలో స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం రెండు అర్ధస్వరాలకే కట్టి వస్తుంది. కొన్న రోజే మార్చవలసిన మొదటి అమరిక అది. మిడి భాషలో ఆ చక్రానికి 16,384 మెట్లున్నాయి, జారు నునుపుగా ఉండటానికి అవి చాలు. అయితే కొన్ని చవక కీబోర్డుల చక్రాలు 128 మెట్లే పంపుతాయి. పరిధి పెంచేకొద్దీ గమకం గరుకుగా, మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు తప్పు సింథసైజర్‌ది కాదు, చక్రానిది. ఈ సంగతి తెలియక మంచి ప్లగిన్లను తీసి పారేసినవాళ్లను చూశాను.

ఇంకొక ఇబ్బంది. మామూలు మిడిలో చక్రం తిప్పితే ఆ చానెల్‌లో (మిడి సందేశాలు వెళ్లే దారిలో) పలుకుతున్న స్వరాలన్నీ కదులుతాయి. కింద షడ్జమం, పంచమం పట్టి పైన గమకం వేస్తే శ్రుతి కూడా గమకంతో పాటే ఊగిపోతుంది. 2018లో ఆమోదం పొందిన ఎంపీఈ పద్ధతి ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ ఇచ్చి దీన్ని తీర్చింది. సర్జ్, వైటల్ అనే ఉచిత సింథసైజర్లు రెండూ దాన్ని అర్థం చేసుకుంటాయి.

ఆ రెంటి చరిత్ర కూడా తెలుసుకోదగినది. సర్జ్ ఒకప్పుడు డబ్బుకు అమ్మిన సింథసైజర్. దాన్ని రాసిన క్లాస్ యొహాన్సన్ 2018లో మూలరచనను (సోర్స్ కోడ్‌ను) అందరికీ వదిలేశాడు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పెంచి 2022లో సర్జ్ ఎక్స్‌టీగా తెచ్చారు. కోసివేత, వేవ్‌టేబుల్, కొంత ఎఫ్ఎం అన్నీ అందులో ఉన్నాయి. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయని శ్రుతులను కూడా అందులో కట్టుకోవచ్చు. మూలరచన బయట ఉంది కాబట్టి చేసినవాళ్లు మానేసినా మరొకరు అందుకోవచ్చు. వీణలా మనవలకు ముట్టగలది నాకు తెలిసి ఇలాంటిదే. 2020లో మ్యాట్ టైటెల్ తెచ్చిన వైటల్ వేవ్‌టేబుల్‌కు మేలైనది. ఉచిత కూర్పులో ప్రీసెట్లు తక్కువ, నాదం పుట్టించే యంత్రం మాత్రం డబ్బు కూర్పులో ఉన్నదే. డెక్స్‌డ్ అచ్చం డీఎక్స్7, ఆ కాలపు టోన్ల ఫైళ్లను నేరుగా చదువుతుంది, అదీ ఉచితమే.

అందుకే కంచరపాలెం కుర్రవాడికి ఈ మూడూ ముందు దించుకోమన్నాను, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ఆర్నెల్లు వాటితోనే వాయించాక, ఏదో ఒకటి తక్కువైందని చెవి చెబితే అప్పుడు దానికోసం ఖర్చుపెట్టమన్నాను. పాత అనలాగ్ వెచ్చదనం కావాలంటే యూ-హి వారి డైవా ఉంది, కానీ అది ప్రాసెసర్‌ను విపరీతంగా తింటుంది. మే నెల ఉక్కపోతలో బలహీనమైన ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. పెద్ద శాంపిల్ భాండారం కావాలంటే ఆమ్నిస్ఫియర్ ఉంది, ఖరీదు అతని ఇరవై వేలను దాటిపోతుంది. క్రాక్ కాపీల (దొంగ కాపీల) మాట అతనే ఎత్తాడు. వద్దన్నాను. వేదిక మీద ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు, పైగా ఉచితంగా ఇంత మంచివి ఇచ్చినవాళ్లు ఉన్న కాలంలో ఆ అవసరమే లేదు.

ఇరవై వేలలో కొంత, 16,384 మెట్లూ పంపే చక్రమున్న మంచి కీబోర్డుకు పెట్టాలని ఇద్దరం అనుకున్నాం. కొనేముందు ఎలా పరీక్షించాలని అడిగాడు. పరిధి పన్నెండు అర్ధస్వరాలకు పెట్టి, ఒక స్వరం పట్టి, చక్రాన్ని వీలైనంత మెల్లగా తిప్పి వినమన్నాను.