పేరు రాయని మస్టరు: అమెరికా రైలుమార్గం వేసిన చైనా కూలీల జాడ

అమెరికాలో స్థిరపడిన చైనా మూలాల కుటుంబాల్లో తాతలు మనవలకు చెప్పే మాట ఒకటుంది: ‘మన పూర్వీకుడొకాయన రైలుమార్గం వేసినవాళ్లలో ఉన్నాడట.’ ఆ ‘అట’ దగ్గరే కథ ఆగిపోతుంది. ఆయన పేరేమిటి, ఏ కొండ తవ్వాడు, పని ముగిశాక ఏమయ్యాడు అని వెతకబోతే మొదటి మెట్టు మీదే కాలు జారుతుంది. కాగితాలు లేక కాదు, కాగితాలు బోలెడున్నాయి. రాసినవాళ్లకు ఆ మనిషి పేరుతో పని లేకపోయింది.

1862 జులై 1న అబ్రహాం లింకన్ పసిఫిక్ రైల్వే చట్టంపై సంతకం చేశాక రెండు కంపెనీలు ఎదురెదురుగా పట్టాలు వేసుకుంటూ బయలుదేరాయి. యూనియన్ పసిఫిక్ ఒమాహా వైపు నుంచి పడమరకు, సెంట్రల్ పసిఫిక్ కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి తూర్పుకు. రెండో కంపెనీ వాటాకు సియెరా నెవాడా పర్వతాలు వచ్చాయి. పనిలో చేరిన తెల్లవాళ్లు చాలామంది జీతం చేతిలో పడగానే నెవాడా వెండి గనులకు జారుకునేవారు. చైనావాళ్లను పెట్టుకుందామని కంపెనీ పెద్దల్లో ఒకడైన చార్లెస్ క్రాకర్ అంటే, పనులు చూసే జేమ్స్ స్ట్రోబ్రిడ్జ్ మొదట ససేమిరా అన్నాడు. ఇంత బక్కపలుచని మనుషులు కొండలేం తవ్వుతారని ఆయన అనుమానం. 1865 తొలి నెలల్లో పరీక్షగా యాభై మందిని తీసుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి కంపెనీ కూలీల్లో పదింట తొమ్మిది మంది వాళ్లే. ఒకే సమయంలో పది, పన్నెండు వేల మంది పనిచేసిన రోజులున్నాయి. వారిలో అత్యధికులు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి, అందులోనూ నేటి తైషాన్, కైపింగ్, ఎన్‌పింగ్, షిన్‌హుయ్ ప్రాంతాల పల్లెల నుంచి వచ్చినవాళ్లు.

వెతుకులాట సహజంగా జీతాల పట్టీలతో మొదలవుతుంది. అప్పటి పట్టీలు కొన్ని శాక్రమెంటోలోని కాలిఫోర్నియా రాష్ట్ర రైల్‌రోడ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 1864 జనవరి పట్టీలోనే హంగ్ వా అనే పేరు కనబడుతుంది. (అంటే స్ట్రోబ్రిడ్జ్ ‘పరీక్ష’కు ఏడాది ముందే కొందరు పనిలో ఉన్నారన్నమాట.) పేరు కనబడగానే వారసుడికి ప్రాణం లేచి వస్తుంది. కానీ అది ముఠా మేస్త్రీ పేరు. తెల్ల కూలీకి మనిషికో వరుస ఉంటే, చైనా కూలీలకు చాలాచోట్ల ముఠాకో వరుస. ఆ వరుసలో మేస్త్రీ పేరు, మొత్తం పనిదినాలు, మొత్తం డబ్బు ఉంటాయి. మేస్త్రీ ఆ సొమ్ము తీసుకుని, బియ్యం ఖర్చు, వంటవాడి కూలి మినహాయించుకుని పంచేవాడు. అతని వెనుక నిలబడిన ఇరవై ముప్పై మంది కంపెనీ లెక్కలో అంకె మాత్రమే.

ఆ అంకెలు మాత్రం నిక్కచ్చిగా ఉన్నాయి. నెల జీతం మొదట్లో 26 డాలర్లు, తరువాత 30 దాటింది, 1867లో 35కు చేరింది. తెల్లవాళ్లకు తిండీ బసా కంపెనీవే, చైనావాళ్లు తమ తిండి తామే కొనుక్కోవాలి. ఈ డబ్బుకు చేసిన పని ఏమిటంటే, డోనర్ కనుమ దగ్గర గట్టి నల్లరాతిలో 1,659 అడుగుల సొరంగం తొలిచారు. రోజుకు అడుగు ముందుకు సాగితే గొప్ప. సొరంగం మధ్యలో పైనుంచి నిలువుగా బావి దింపి, అక్కడి నుంచి కూడా రెండు వైపులకూ తవ్వారు. తుపాకిమందు చాలక నైట్రోగ్లిసరిన్ అనే మరింత బలమైన పేలుడు ద్రవం వాడారు. 1866–67 చలికాలంలో మంచు కిందే దారులు తొలుచుకుని బసకూ పనికీ తిరిగారు. హిమపాతాల్లో కొట్టుకుపోయినవాళ్ల శవాలు వసంతంలో మంచు కరిగాక బయటపడ్డాయి. ఎందరు చనిపోయారో కంపెనీ లెక్క రాయలేదు. పనిదినాలు పూటతో సహా రాసిన గుమాస్తాలున్న కంపెనీ అది.

1867 జూన్ 25న దాదాపు మూడు వేల మంది పని ఆపేశారు. నెలకు 40 డాలర్లు, తగ్గించిన పనిగంటలు కావాలన్నారు. క్రాకర్ వాళ్లకు తిండి సరుకులు అందకుండా చేశాడు. వారంలో సమ్మె ముగిసింది. ఈ కథ మనకు తెలిసింది కూడా కంపెనీ పెద్దల మాటల్లోనూ పత్రికల్లోనూ మాత్రమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ చరిత్రకారులు 2012 నుంచి ఏళ్ల తరబడి గాలించినా, రైలు పనిలో ఉన్న చైనా కూలీ రాసిన ఉత్తరం ఒక్కటి కూడా దొరకలేదు.

పేరు దొరికినా చిక్కు తీరదు. ఆనాటి పత్రాల్లో ‘ఆ సింగ్’, ‘ఆ లీ’ వంటి పేర్లు కోకొల్లలు. ఆ ‘ఆ’ అసలు పేరు కానే కాదు, చనువుగా పిలిచేటప్పుడు ముందు చేర్చే మాట. రామయ్యను ‘ఒరేయ్ రామయ్యా’ అని పిలవగా విన్న గుమాస్తా ‘ఒరేయ్’ని ఇంటిపేరుగా రాసుకుంటే ఎలా ఉంటుందో అలా. మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు వస్తుంది. అమెరికా ఫారాలు దాన్ని తలకిందులు చేశాయి. ఒకే ఇంటిపేరు ఒకచోట చాన్, మరోచోట చిన్, ఇంకోచోట చెన్. పైగా ఒకే మనిషికి పుట్టినప్పుడొక పేరు, పెళ్లయ్యాక మరొకటి.

పదవీ విరమణ రికార్డుల కోసం రైల్‌రోడ్ రిటైర్మెంట్ బోర్డుకు రాసేవాళ్లూ ఉంటారు. అది 1930ల నాటి సంస్థ, ఈ కూలీలతో దానికి సంబంధం లేదు. జనాభా లెక్కల్లో వెతుకుదామంటే, 1890 నాటి పత్రాలు 1921 అగ్నిప్రమాదం తరువాత దాదాపుగా మిగలలేదు.

విచిత్రమేమిటంటే, ఈ మనుషుల గురించి అమెరికా ప్రభుత్వం శ్రద్ధగా, పేజీలకు పేజీలు రాసింది వాళ్లను వెళ్లగొట్టడానికే. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్ వద్ద రెండు మార్గాలూ కలిశాయి. పదమూడేళ్లకే, 1882లో, చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1892 నాటి గియరీ చట్టంతో దేశంలో ఉన్న ప్రతి చైనా కూలీ నివాస ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. 1910 నుంచి 1940 వరకు శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోని ఏంజెల్ ద్వీపంలో, వచ్చినవాళ్లను గుచ్చిగుచ్చి అడిగేవారు: మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, మీ గుమ్మం ఏ దిక్కుకు, మీ తాత పేరేమిటి, ఆయన అమెరికాలో ఏం చేశాడు? ఆ విచారణ దస్త్రాలు శాన్ బ్రూనోలోని జాతీయ ఆర్కైవ్స్ శాఖలో ఉన్నాయి. కొన్నింటిలో ఊరి పటాలు కూడా గీసి ఉన్నాయి. జీతాల పట్టీ ఇవ్వని తాత ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

అయితే అక్కడా ఒక మెలిక. 1906 భూకంపం, దాని వెంట వచ్చిన మంటలు శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులను కాల్చేశాయి. మేం ఇక్కడే పుట్టామని చెప్పుకోవడానికి దారి దొరికింది. అక్కడ పుట్టినవాడు పౌరుడు, పౌరుడి పిల్లలకు నిషేధం అడ్డు కాదు. పౌరుడి కొడుకునంటూ కొన్న కాగితాలతో వేలాది మంది వచ్చారు. వీళ్లనే ‘కాగితపు కొడుకులు’ అన్నారు. అలా వచ్చినవాడి దస్త్రంలో కనబడే తాత వేరే ఇంటి తాత. రక్తసంబంధం ఏదో, కొన్న సంబంధం ఏదో తేల్చకుండా వంశవృక్షం గీస్తే కొమ్మ మరో చెట్టుకు అతుక్కుంటుంది.

1969లో శతాబ్ది ఉత్సవాల వేదిక మీద రవాణా మంత్రి జాన్ వోల్పే, అమెరికన్లు తప్ప ఇంకెవరు ఇలాంటి సొరంగాలు తవ్వగలరని ప్రశ్నించారు. తవ్వినవాళ్లలో అత్యధికులకు ఆ దేశ పౌరసత్వం తీసుకునే వీలే చట్టం ఇవ్వలేదు. ఆ తలుపు తెరుచుకుంది 1943లో. కార్మిక శాఖ తన గౌరవ మందిరంలో ఈ కూలీలకు చోటిచ్చింది 2014లో.

రైలు కూలీల్లో చాలామందికి అమెరికాలో సమాధి కూడా లేదు. అస్థికలను సొంత ఊరికి పంపడం ఆచారం. 1870లో శాక్రమెంటో పత్రిక ఒకటి, చైనాకు వెళ్తున్న సుమారు 1,200 మంది ఎముకల గురించి వార్త రాసింది. ఉండిపోయిన వాళ్ల కుటుంబాల సమాధులను మాత్రం చూసి తీరాలి. కొన్ని రాళ్ల మీద ఇంగ్లీషులో కాగితపు పేరు, చైనా లిపిలో అసలు ఇంటిపేరు ఉంటాయి. చాలాసార్లు దాని పక్కనే జిల్లా, ఊరు కూడా చెక్కి ఉంటాయి. ఆ అక్షరాలు చదవడం రాని మునిమనవడు రాయిని ఫొటో తీసి, చదవగలిగినవాళ్లకు చూపించి, ఆ ఊరి వంశ చరిత్ర పుస్తకంలో వెతకాలి. పాత పుస్తకాలను తగలబెట్టిన మావో కాలపు సాంస్కృతిక విప్లవాన్ని అది తప్పించుకుని ఉంటే అందులో తరాల వారీగా మగవాళ్ల పేర్లుంటాయి. ఆడపిల్లల పేర్లు సాధారణంగా ఉండవు.