0.70 గీత ఎవరు గీశారు?

హనుమకొండలో పీహెచ్‌డీ విద్యార్థులు ఇద్దరు కలిస్తే చాలు, "నీ ఆల్ఫా ఎంతొచ్చింది?" అన్న మాటే ముందు వస్తోంది. ఒక ప్రశ్నావళిలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంతవరకు పొంతన కుదిరి ఉన్నాయో చెప్పే అంకె ఈ ఆల్ఫా; 1కి దగ్గరైన కొద్దీ పొంతన ఎక్కువ. పైలట్ స్టడీలో, అంటే అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే పరీక్షలో, 0.70 దాటని ప్రశ్నావళిని పక్కన పెట్టేయమంటున్నారని వాళ్ల గోడు. ఏదో ఒక హద్దు లేకపోతే ఎవరికి తోచిన ప్రశ్నలు వాళ్లు రాసుకొస్తారని గైడ్ల వాదన. థీసిస్‌లు ఇచ్చే రోజులు దగ్గరపడటంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది.

ఈ ఆల్ఫా అమెరికన్ మనస్తత్వవేత్త లీ క్రాన్‌బాక్ పేరు మీద ఉందని, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ వాడిన అందరికీ తెలుసు. తేలాల్సింది 0.70 సంగతే. 1951లో సైకోమెట్రికా పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం ఆ గీత గీయలేదు.

గీత వచ్చింది 1978లో. మనస్తత్వ కొలతల మీద జమ్ నన్నలీ రాసిన పాఠ్యపుస్తకం 1967 ముద్రణలో, పరిశోధన తొలి దశకు 0.50, 0.60 ఉన్నా సరిపోతుందని ఉంది. 1978 ముద్రణకు అది 0.70 అయింది. అదే చోట ఆయన ఇంకో మాట కూడా రాశారు. మౌలిక పరిశోధనకు 0.80 కావాలి, ఒక మనిషి భవిష్యత్తు తేల్చే పరీక్షకు 0.90 కూడా కనీసమే. అంటే పనిని బట్టి హద్దు. మన దాకా వచ్చేసరికి ఆ పని ఊసు పోయి అంకె ఒక్కటే మిగిలింది.

విద్యార్థుల బాధ వినాలి. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (ఒకదాని జవాబుతో ఇంకోదాని జవాబు కలిసి నడిచే తీరు) 0.30 ఉందనుకుందాం. ఐదు ప్రశ్నలకు ఆల్ఫా 0.68 వస్తుంది. అదే నాణ్యతతో పది ప్రశ్నలు పెడితే 0.81. అందుకే ఒకే ప్రశ్నను మాటలు మార్చి రెండుసార్లు అడిగే అలవాటు పాకింది. ములుగు, భూపాలపల్లి బడుల్లో పిల్లల దగ్గర కూర్చునేవాళ్లకు ఇంకో చిక్కు. ఇంగ్లిష్ నుంచి తెచ్చిన "నాకు దిగులు ఉండదు" లాంటి వాక్యానికి ఒకరు "అవును, ఉండదు" అనుకుని అవును కొడతారు. ఇంకొకరు "లేదు, ఉండదు" అనుకుని కాదు కొడతారు. ఇద్దరి మనసూ ఒక్కటే, మార్కులు మాత్రం తలకిందులు. ఆల్ఫా పడిపోతుంది. సరిచేయాల్సింది ఆ వాక్యాన్ని. మొత్తం ప్రశ్నావళిని పారేస్తే నెలల శ్రమ పోతుంది.

క్రాన్‌బాక్ అయితే ఈ సూత్రానికి తన పేరు పెట్టడమే ఇబ్బందిగా ఉందన్నారు. లూయిస్ గట్‌మన్ అనే పరిశోధకుడు 1945లోనే దానికి సమానమైనది ఇచ్చారు. 1997లో ప్లాన్ చేసుకుని క్రాన్‌బాక్ రాయించిన నోట్స్, ఆయన 2001లో చనిపోయాక, 2004లో అచ్చయ్యాయి. ఆల్ఫా సరైన కొలమానమేనా అన్న సందేహం వాటిలో ఆయనే వెలిబుచ్చారు. ఒక పరీక్ష గురించి అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది కొలతలో వచ్చే ప్రామాణిక దోషం, అంటే ఒకరికి వచ్చిన మార్కు అసలు విలువకు ఎంత అటూఇటూ ఉండొచ్చో అది, అన్నారు.

ఇప్పటి వాదనలో ఆ మాటే వినపడటం లేదు. మార్కుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 10 అనుకుంటే, ఆల్ఫా 0.70 దగ్గర ఆ దోషం సుమారు 5.5 మార్కులు. 0.64 దగ్గర 6. వెనక్కి వచ్చిన ప్రశ్నావళికీ, పాసైనదానికీ మధ్య తేడా ఆ అర మార్కు.